బండి చప్పుడు ఏం చెబుతుంది?

సికింద్రాబాద్‌లో ఇరుకు సందులు చాలా ఉన్నాయి. మోండా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లోకి పెద్ద జేసీబీ రావడం కష్టం. అలాంటి చోట మట్టి ఎత్తాలంటే చిన్న బండి కావాలి. దాన్ని మనవాళ్లు బాబ్‌కాట్ అంటారు. బాబ్‌కాట్ అనేది ఒక కంపెనీ పేరు. ఆ రకం బండి అసలు పేరు స్కిడ్ స్టీర్ లోడర్. ఏ కంపెనీ బండైనా జనానికి అది బాబ్‌కాటే.

ఈ బండి ఎట్లా పుట్టిందో తెలుసా? అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. అక్కడ టర్కీ కోళ్లు పెంచే రైతుకు షెడ్డులో పెంట ఎత్తడం కష్టమైంది. షెడ్డులో స్తంభాల మధ్య పెద్ద ట్రాక్టరు తిరగదు. 1957లో కెల్లర్ అన్నదమ్ములు అతనికి మూడు చక్రాల చిన్న బండి చేసి ఇచ్చారు. 1960లో నాలుగు చక్రాల బండి వచ్చింది. చక్రాలను ఆయిల్‌తో తిప్పే పద్ధతి ఆ తర్వాత వచ్చింది.

ఇప్పటి బండిలో ఇంజను నేరుగా చక్రాలను తిప్పదు. ఇంజను పంపులను తిప్పుతుంది. పంపులు ఆయిల్‌ను గట్టిగా నెడతాయి. ఆ ఆయిల్ పోయి మోటార్లను తిప్పుతుంది. మోటారు గొలుసును లాగుతుంది. గొలుసు చక్రాన్ని తిప్పుతుంది. ఎడమ పక్కకు ఒక పంపు, ఒక మోటారు. కుడి పక్కకు ఒక పంపు, ఒక మోటారు. ఒక పక్క చక్రాలు ఆగి, ఇంకో పక్క తిరిగితే బండి మలుగుతుంది. అప్పుడు టైర్లు నేలను గీరి కిర్రుమంటాయి. అది జబ్బు కాదు.

ఒక ఇంట్లో ఇలాంటి బండి ఉందనుకుందాం. అప్పు చేసి కొన్నారు. మరిది నడుపుతాడు. వదిన గంటల లెక్క నోటుబుక్కులో రాస్తుంది. ఒకరోజు మరిది దిగులుగా వచ్చాడు.

"వదినా, బండి ఊళ పెడుతున్నది. పంపు పోయిందంటున్నడు మెకానిక్. మస్తు ఖర్చయితదట."

"ఎప్పుడు ఊళ పెడుతున్నది? పొద్దున్నా, పగలా? నిలబడ్డప్పుడా, నడిచేటప్పుడా?"

"అదంతా చూడలే."

"రేపు చూసి చెప్పు తమ్మీ. నేను రాసుకుంట."

చప్పుడు ఎంత పెద్దది అన్నది అంత ముఖ్యం కాదు. ఎప్పుడు వస్తున్నది అన్నదే ముఖ్యం.

తెల్లారి మరిది బండిని ఖాళీ జాగాలో పెట్టి చూశాడు. మొదట లీవర్లు ముట్టలేదు. తర్వాత బకెట్ ఒక్కటే లేపాడు. తర్వాత ఎడమ లీవరు, తర్వాత కుడి లీవరు. వదిన ఇలా రాసుకుంది:

"పొద్దున చప్పుడు ఉంది. బండి వేడెక్కినా పోలేదు. బకెట్ లేపినా ఉంది. ఎడమ, కుడి రెండు పక్కలా ఉంది."

చలికాలం పొద్దున ఆయిల్ చిక్కగా ఉంటుంది. కాసేపు బండి కూతపెడుతుంది, వేడెక్కితే మానుతుంది. ఇక్కడ మానలేదు. ఒక పక్కనే చప్పుడు వస్తే ఆ పక్క పంపు, మోటారు, గొలుసు చూడాలి. గొలుసు వదులైతే ముందుకు, వెనక్కు మార్చినప్పుడల్లా టక్కుమని కొడుతుంది. ఇక్కడ అంతటా ఒకటే చప్పుడు. అంటే అన్నింటికీ పోయే ఆయిల్ దగ్గరే లోపం ఉండాలి.

ఎండాకాలం బోరింగు కొట్టి చూడండి. అడుగున నీళ్లు తగ్గితే గుడగుడ అంటుంది, గాలి వస్తుంది. ఆయిల్ చాలకపోతే పంపు కూడా అంతే. ఆయిల్ మట్టం తగ్గినా, ఫిల్టర్‌లో మురికి నిండినా పంపుకు ఆయిల్ అందదు. అప్పుడు ఆయిల్‌లో చిన్న బుడగలు పుట్టి పగులుతాయి. గోలీలు గిలకొట్టినట్టు చప్పుడు వస్తుంది. ఆ బుడగలే లోపలి ఇనుమును కొంచెం కొంచెం కొరికేస్తాయి. కాబట్టి "నడుస్తున్నది కదా" అని ఊరుకుంటే పంపు నిజంగానే పోతుంది.

వాళ్లు బకెట్ కిందికి దించి, ఇంజను ఆపి, ఆయిల్ చూశారు. మట్టం సరిగ్గానే ఉంది. కానీ చిలికిన మజ్జిగలా నురగ ఉంది. ఒక సీసాలో పోసి పెట్టారు. కొంతసేపటికి తేటపడింది. నీళ్లు కలిస్తే అంత తొందరగా తేటపడదు. అంటే లోపలికి గాలి పోతున్నది.

ట్యాంకు నుంచి పంపుకు పోయే పైపు ఆయిల్‌ను పీల్చుకునే పైపు. అక్కడ క్లిప్పు వదులైతే ఆయిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే తడి కనబడలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. మెకానిక్‌ను పిలిచి ఆ జాయింటు మీద ఆయిల్ పూయించారు. పూయగానే ఊళ తగ్గింది. రాణీగంజ్ పోయి కొత్త క్లిప్పు తెచ్చి బిగించారు. రాణీగంజ్‌లో మిషన్ల సామాన్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. పాత క్లిప్పు చేతిలో పట్టుకొని పోతే కొలత తప్పదు.

అన్నిసార్లూ క్లిప్పుతో అయిపోదు. ఫిల్టర్ విప్పినప్పుడు ఇత్తడి పొడి, ఇనుప రజను మెరిస్తే లోపల అరుగుతున్నట్టే. అప్పుడు బండి నడపొద్దు. ఒక పక్కనే చప్పుడుంటే తెలివైన మెకానిక్ ఎడమ, కుడి పైపులు మార్చి చూస్తాడు. చప్పుడు పక్క మారితే లోపం పంపుది. మారకపోతే మోటారుదో, గొలుసుదో. "ఎట్లా తెలిసింది?" అని మెకానిక్‌ను అడగండి. డబ్బు ఇచ్చేది మీరే. ఆయిల్ కూడా బండి పుస్తకంలో రాసిన రకమే పోయాలి.

లీకు వెతికేటప్పుడు మాత్రం చెయ్యి పెట్టొద్దు. పంపు దాటిన తర్వాత పైపుల్లో ఆయిల్ చాలా ఒత్తిడితో ఉంటుంది. సన్నని చిల్లు నుంచి వచ్చే ఆయిల్ సూదిలాగా చర్మంలోకి దూరుతుంది. అట్ట ముక్క పెట్టి చూడాలి. లేచి ఉన్న బకెట్ కింద తాళం వేయకుండా ఎవరూ నిలబడొద్దు, పక్కన మట్టి ఎత్తే కూలీ ఆడవాళ్లు కూడా.

ఆయిల్ ఒంట్లోకి దూరితే మొదట చిన్న చుక్క గాయమే కనిపిస్తుంది. నొప్పి అంతగా ఉండకపోవచ్చు. పసుపు పెట్టి ఇంట్లో ఉండొద్దు. ఆలస్యమైతే వేలు, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. డాక్టరుతో "ముల్లు గుచ్చుకుంది" అనొద్దు. "హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో లోపలికి పోయింది" అని చెప్పాలి. ఆయిల్ పేరు, దెబ్బ తగిలిన టైము ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి.