ట్యూబా బరువు ఎక్కడ మోయాలి? (సందేహాలు – సమాధానాలు)

ప్రశ్న: పెళ్లి ఊరేగింపుల్లోనూ, సెప్టెంబరు 8న సెయింట్ మేరీస్ బసిలికా ఉత్సవానికీ బ్యాండులో సూసాఫోన్ (ఒంటి చుట్టూ తిరిగి భుజం మీద ఆనే ట్యూబా) వాయిస్తాను. గంట నడిచేసరికి ఎడమ భుజం పట్టేస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తువ్వాలు మడిచి పెట్టుకున్నా లాభం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక వాద్యకారుడు, శివాజీనగర్, బెంగళూరు

జవాబు: ముందు తిమ్మిరి సంగతి. భుజం నొప్పి వేరు, వేళ్ల తిమ్మిరి వేరు. మెడ నుంచి చేతికి దిగే నరాలు నొక్కుకుపోయినా ఇలా అవుతుంది. వాద్యం దించాక కూడా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి, వాయిదా వేయకండి.

ఇక వాద్యం. ఇత్తడి సూసాఫోన్ ఇంచుమించు 12 నుంచి 16 కిలోలు తూగుతుంది. దీని ముందుతరం వాద్యం హెలికాన్. నడిచే సైనికుల కోసం గొట్టాన్ని ఒంటి చుట్టూ తిప్పి, 19వ శతాబ్దం నడుమ యూరప్‌లో తయారుచేశారు. 1890లలో అమెరికన్ బ్యాండ్ నాయకుడు జాన్ ఫిలిప్ సూసా దాన్ని మార్పించుకున్నారు. నాదం బ్యాండు మీదుగా పైకి లేచి పరుచుకోవాలన్నది ఆయన కోరిక. ఆయన బ్యాండు ఎక్కువగా కూర్చుని కచేరీలు చేసేది. అంటే నడక కోసం పుట్టిన ఆకారాన్ని చెవి కోసం మార్చారు. భుజం సంగతి మనమే చూసుకోవాలి.

తువ్వాలు నడకలో జారి ముద్దవుతుంది, బరువంతా ఒక్కచోటే పడుతుంది. యోగా చాపలాంటి గట్టి ఫోమును అరచెయ్యంత వెడల్పున కోసి, గొట్టానికే బిగించండి. కొండలెక్కేవాళ్ల సంచికి ఉండే నడుము బెల్టు కొని, వాద్యం కింది వంపు నుంచి ఆ బెల్టుకి ఒక పట్టీ వెయ్యండి. కొంత బరువు తుంటి మీదకి దిగుతుంది. పట్టీ మాత్రం డొక్కల మీద బిగియకూడదు, ఊపిరి అందదు.

మరొక్కటి చూడండి. మౌత్‌పీస్‌కీ మెడగొట్టానికీ మధ్య రెండు చిన్న వంపు ముక్కలుండాలి. వాటిని తిప్పుతూ మౌత్‌పీస్‌ని నోటి దగ్గరికి తెచ్చుకోవచ్చు. పాత వాద్యాల్లో ఒక ముక్క పోతే మిగిలిన ఒక్కదానితోనే నెట్టుకొస్తారు, ఆ లోటుని మెడ వంచి భర్తీ చేస్తారు. సగం నొప్పి అక్కడే పుడుతుంది. పోయిన ముక్క చేయించుకోండి.

ప్రశ్న: మా స్కూలు బ్యాండులో పన్నెండేళ్ల పాప ట్యూబా నేర్చుకుంటోంది. ఒళ్లో పెట్టుకుంటే మౌత్‌పీస్ ముక్కు దాకా వస్తోంది. వాద్యం మార్చాలా, పాపని మార్చాలా?
– సంగీతం టీచరు, కె.ఆర్.పురం

జవాబు: పాపని మార్చకండి మేడమ్. గడ్డం పైకెత్తి వాయిస్తే మెడ బిగుసుకుంటుంది, శ్వాస కుదరదు. ట్యూబాని ఒళ్లో కాకుండా కాళ్ల నడుమ కుర్చీ అంచు మీద ఆనించండి. ఇంకా ఎత్తయితే నేల మీద నిలిచే స్టాండు వాడండి. పొడవైన పిల్లలకి ఇదే స్టాండు ఎత్తు పెంచి వాడవచ్చు. వీలైతే ఈ-ఫ్లాట్ ట్యూబా చూడండి. బి-ఫ్లాట్ ట్యూబా గొట్టం చాపితే దాదాపు 18 అడుగులు, ఈ-ఫ్లాట్‌ది 13.

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుగా తేలికైన ట్యూబా చెయ్యాలనుంది. అల్యూమినియం వాడితే బరువు మూడో వంతుకి దిగుతుంది కదా?
– విద్యార్థి, యలహంక

జవాబు: లెక్క ప్రకారం నిజమే. ఇత్తడి సాంద్రత 8.5 ప్రాంతం, అల్యూమినియంది 2.7. కానీ అల్యూమినియంని మామూలు టంకంతో అతకలేం. ఇత్తడి వాద్యం సొట్టపడితే, అతుకు ఊడితే మన వీధి చివరి మరమ్మతుదారు బాగుచేస్తాడు. ఆయన చెయ్యి పెట్టలేని వాద్యం బ్యాండు మేళానికి పనికిరాదు. మీ డిజైన్‌లో మొదటి షరతు ఇదే కావాలి.

ఫైబర్ గ్లాస్ సూసాఫోన్లు అమెరికాలో 1960లలోనే వచ్చాయి. వాటిలోనూ వాల్వులు ఇత్తడివే. గోడ మందంగా వెయ్యాలి కనుక బరువు మనం ఆశించినంత తగ్గదు. నాదం కాస్త మొద్దుగా ఉంటుందని వాయించేవాళ్లంటారు. నాదాన్ని ప్రధానంగా నిర్ణయించేది లోపలి గాలి స్తంభం ఆకారం. గోడ ఏ లోహమన్నది దాని తర్వాతి మాట. అందుకే లోపలి వ్యాసాన్ని ఎక్కడా కదపకండి.

నా సలహా: ట్యూబా మొత్తం కొత్తగా చెయ్యకండి. పాతదాన్ని తీసుకుని రెండు వేర్వేరు చోట్ల నుంచి వేలాడదీయండి. రెండుసార్లూ దారానికి బరువు కట్టి గీత గీయండి. ఆ గీతలు కలిసేచోట గరిమనాభి ఉంటుంది. అది ఒంటికి ఎంత దూరమైతే నడుముకి అంత భారం. మూడు కిలోలు తగ్గించడం కన్నా ఆ దూరాన్ని నాలుగు అంగుళాలు తగ్గించడం ఎక్కువ మేలు చేయవచ్చు. ఆనించే చోటునీ, పట్టీ కొక్కేలనీ, చేతిపట్టునీ జరిపేలా బిగింపులు చెయ్యండి. పీణ్యా పారిశ్రామికవాడలోని చిన్న వర్క్‌షాపుల్లో ఆ పని అవుతుంది. మౌత్‌పైపుని (మౌత్‌పీస్ తగిలించే గొట్టాన్ని) మాత్రం మామూలు పైపు వంచే యంత్రంలో పెట్టకండి. దాని లోపలి వ్యాసం పోనుపోనూ పెరుగుతుంది, వంపు దగ్గర నొక్కుకుపోతే శ్రుతి చెడుతుంది.

చివరిగా బ్యాండు యజమానులకి ఒక మనవి. మీరట్‌లోని వాద్యాల బజారు జాలీ కోఠీ నుంచి కొత్త వాద్యం తెప్పించేటప్పుడు దాన్ని మోయబోయే మనిషి ఎత్తూ, భుజం వెడల్పూ కొలిచి ఆర్డరుతో పాటు పంపండి.