పాత ల్యాప్‌టాపు జీర్ణోద్ధరణము

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అను సామెత తెలుగువారిలో కలదు. అయినను ఆ తెలుగువారే గండిపడిన చెరువుకట్టను పూడ్చుటను, శిథిలమైన ఆలయమును నిలువబెట్టుటను జీర్ణోద్ధరణమని గౌరవించి, క్రొత్తవానిని కట్టించుటకంటె అది తక్కువ పుణ్యము కాదని తలచిరి. పాతదానిని రోయుట సులభము. దాని బలాబలములెరిగి, చెడినంతవరకు బాగుచేసి, మిగిలినదానిని కాపాడుకొనుట ఒక విద్య. ఆ విద్య నేటి విద్యార్థులకు చేరువలోనున్న ల్యాప్‌టాపు కంప్యూటరు విషయమున ఎట్లు ఉపయోగపడునో తెలిసికొనుట మంచిది.

ఒక ఇంట అక్క 2012వ సంవత్సరమున తన ఇంజనీరింగు చదువునకై ఒక ల్యాప్‌టాపు కొనెననుకొందము. చాలకాలమునకు ఆమె దానిని ఎనిమిదవ తరగతి చదువుచున్న తమ్మునికి ఇచ్చెను. తమ్ముడు మీట నొక్కి, కాళ్లు చేతులు కడుగుకొని వచ్చిన తరువాతగాని తెర మేలుకొనలేదు. ఒక పాఠము తెరచి రెండవది తెరవబోగా యంత్రము స్తంభించెను. కరెంటు తీగ తీసివేసిన పావుగంటలో బ్యాటరీ చల్లబడెను. తండ్రి విసిగి, “దీనిని పాతసామానులవానికి ఇచ్చివేయుదము. ఏడాదిపాటు కూడబెట్టియైనను క్రొత్తది కొందము” అనెను. తల్లి మాత్రము కుమారుని వంక చూచి, “దానిలో మీ తాతగారి గొంతున్నది, నాయనా” అనెను. తాతగారు చెప్పిన కథలను అక్క చదువుకొను దినములలో ఆ యంత్రమునందే రికార్డు చేసియుండెను. తాతగారు ఇప్పుడు లేరు.

కావున మొదట చేయవలసినది మరమ్మతు కాదు. యంత్రమునందు దాచుకొనిన సమాచారమును వేరొకచోట భద్రపరచుట మొదటి పని. అందులకై వెలుపలి హార్డుడిస్కు నొకదానిని యు.ఎస్.బి. రంధ్రమున తగిలింపవలెను. ఈ యు.ఎస్.బి. చరిత్ర ముచ్చటైనది. పూర్వము కంప్యూటరునకు కీబోర్డు, మౌసు, ప్రింటరు మొదలగువానిని తగిలించుటకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆకారముగల రంధ్రముండెడిది. ఒకదాని తీగ వేరొకదానిలో పట్టెడిది కాదు. ఈ చిక్కు తొలగించుటకై పలు సంస్థలు కలిసి యోచించి, 1996వ సంవత్సరమున అన్నింటికిని ఉమ్మడి యగు ఒక ఏర్పాటును ప్రకటించెను. అదియే యు.ఎస్.బి. దానిని రూపొందించిన ముఖ్యులలో ఇంటెల్ సంస్థ ఇంజనీరగు అజయ్ భట్ ఒకరు. ఆయన బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివినవారు.

2000వ సంవత్సరమున వచ్చిన రెండవ తరము యు.ఎస్.బి. సెకనునకు 480 మెగాబిట్ల వేగము గలది. 2008లో వచ్చిన మూడవ తరమునకు ఆ వేగము 5 గిగాబిట్లు. క్రొత్త తరపు పరికరమును పాత రంధ్రమున తగిలించినను పనిచేయును. అయితే పాత వేగముతోనే చేయును. రెండవ తరపు రంధ్రమునుండి ఆచరణలో సెకనునకు సుమారు 30 మెగాబైట్లు సాగునని లెక్కించినచో, 100 గిగాబైట్ల సమాచారము చేరుటకు దాదాపు ఒక గంట పట్టును. ఓపిక పట్టవలెను. నకలు పూర్తియైన పిదప కొన్నింటిని తెరచి, అవి సరిగా వచ్చినవో లేవో పరీక్షింపవలెను. తాతగారి కథ క్రొత్తచోటినుండి వినబడినప్పుడే మొదటి పని ముగిసినట్లు.

ఇక యంత్రమును గూర్చి. అక్క కొన్నది థింక్‌ప్యాడ్ ఎక్స్ 220 అను రకము అనుకొందము. థింక్‌ప్యాడ్ యంత్రములను 1992లో ఐ.బి.ఎమ్. సంస్థ ప్రారంభించెను. 2005లో ఆ వ్యాపారము లెనోవో సంస్థకు చేరెను. ఎక్స్ 220 రకము 2011లో వెలువడినది. దీని ఏ భాగమును ఎట్లు విప్పవలెనో, ఏ మర ఎక్కడ బిగింపవలెనో బొమ్మలతో తెలుపు పుస్తకమును తయారీదారులే అందరికి అందునట్లు ప్రకటించియున్నారు. బాగుచేయ తలపెట్టినవాడు స్క్రూడ్రైవరు పట్టుటకు ముందు ఆ పుస్తకము పట్టవలెను.

యంత్రము మందగించుటకు కారణమేమి? దీనిని ఊహించుట తగదు, చూడవలెను. టాస్క్ మేనేజర్ అను పట్టికలో ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, డిస్కు ఏ మేరకు పనిచేయుచున్నవో కనబడును. ఒక చిల్లర దుకాణమును తలచుకొన్నచో ఈ మూటి సంబంధము తెలియును. ప్రాసెసరు దుకాణదారుడు. ర్యామ్ అతని ముందున్న బల్ల. డిస్కు వెనుకనున్న గిడ్డంగి. బల్ల ఇరుకైనచో దుకాణదారుడు ప్రతి సరకునకును గిడ్డంగికి పరుగెత్తవలెను. ఆ గిడ్డంగి త్రోవ కూడ దూరమైనచో, అతడెంత చురుకైనవాడైనను కొనవచ్చినవారు నిలువబడియే యుందురు. తమ్ముడు పట్టికను చూచినప్పుడు ప్రాసెసరు ఖాళీగానే యున్నది. ర్యామ్ నిండిపోయినది. డిస్కు క్షణమైన విశ్రాంతి లేక తిరుగుచున్నది. దుకాణదారునిలో దోషము లేదు.

బల్లను పెద్దది చేయుట ర్యామ్ పెంచుటయే. ఎక్స్ 220 అడుగున చిన్న మూత యొకటి కలదు. దాని క్రింద రెండు అరలుండును. అక్క యంత్రమునందు ఒక అరలో 4 గిగాబైట్ల ర్యామ్ పలక ఉన్నది, రెండవది ఖాళీ. అందులో మరియొక 4 గిగాబైట్ల పలకను చేర్చినచో మొత్తము 8 అగును. అయితే అంగడిలో దొరకు ప్రతి పలకయు దీనికి పట్టదు. దీనికి డి.డి.ఆర్. 3 తరమునకు చెందినది కావలెను. ల్యాప్‌టాపులకై చేయబడిన ఆ తరపు పలకకు 204 స్పర్శరేకులుండును. తరువాతి తరమైన డి.డి.ఆర్. 4 పలకకు 260 ఉండును. గాటు స్థానము కూడ వేరు. గాటు కుదరనప్పుడు బలముతో నొక్కువాడు పలకను, అరను రెంటిని పోగొట్టుకొనును.

మూత విప్పుటకు ముందు యంత్రమును ఆపి, కరెంటు తీగను, బ్యాటరీని తొలగింపవలెను. పిదప ఏదేని లోహపు వస్తువును తాకవలెను. పొడిగాలిలో నడచినను, బట్టలు రాచుకొన్నను శరీరమునందు స్థిరవిద్యుత్తు చేరును. అది సుమారు 3000 వోల్టులకు మించినగాని మనుష్యునకు చురుక్కుమనదు. ర్యామ్ పలకలోని సూక్ష్మభాగములు అంతకంటె ఎంతో తక్కువ విద్యుత్తునకే చెడును. చేతికి తెలియని దెబ్బ పలకకు తెలియునన్నమాట. పలకను అంచులయందే పట్టుకొని, ఏటవాలుగా అరలో జొనిపి, ఇరుప్రక్కల కొక్కెములు టక్కుమని పట్టువరకు మెల్లగా క్రిందికి వంచవలెను.

తరువాతిది గిడ్డంగి. పాత హార్డుడిస్కులో అయస్కాంతపు పూతగల పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగుచుండును. చదువు ముల్లు కావలసిన చోటికి కదలి, ఆ చోటు తనక్రిందికి తిరిగి వచ్చువరకు వేచియుండవలెను. ఇట్లు ఒక్కొక్క చోట చదువుటకు సెకనులో సుమారు నూరవ వంతు పట్టును. ఇది స్వల్పముగా తోచును. కాని యంత్రము మేలుకొనునప్పుడు వేలకొలది చోట్ల చదువవలసియుండును. ఎస్.ఎస్.డి. యందు తిరుగు పళ్లెములు లేవు, కదలు ముల్లు లేదు. సమాచారమంతయు చిప్పులలో నుండును. ఒక్కొక్క చోట చదువుటకు సెకనులో పదివేలవ వంతు కాలము చాలును. కావుననే పాత ల్యాప్‌టాపునకు చేయదగిన ఉపకారములలో ఎస్.ఎస్.డి. అమర్చుట మేలైనది. ఎక్స్ 220 యందు 7 మిల్లీమీటర్ల మందముగల రెండున్నర అంగుళముల డ్రైవు పట్టును. కొలత చూడక మందమైనది కొన్నచో అది అరలో దూరదు.

క్రొత్త ఎస్.ఎస్.డి. ఖాళీగా వచ్చును. దానిలో ఆపరేటింగు సిస్టమును స్థాపింపవలెను. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించెను. విండోస్ 11కు అర్హమైన ప్రాసెసర్ల జాబితాలో 2012 నాటివి లేవు. అందుచేత ఇట్టి యంత్రములకు లినక్సు మంచి త్రోవ. దానికి లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి 1991లో పునాది వేసెను. అది ఉచితముగా లభించును, అందు తెలుగులో వ్రాయవచ్చును. దానిని పెన్ డ్రైవులో నింపి, యు.ఎస్.బి. రంధ్రమున తగిలించి, అటనుండి ఎస్.ఎస్.డి. లోనికి చేర్చవలెను.

వెలుపలి పరికరములను తగిలించుటయందును కొన్ని మెలకువలు కలవు. మౌసు, కీబోర్డుల భాష అన్ని యంత్రములకు ఉమ్మడిది గనుక అవి తగిలించినంతనే పనిచేయును. కొన్ని ప్రింటర్లకు దుబాసి కావలెను. యంత్రపు మాటను ప్రింటరునకు తెలియజెప్పు అట్టి ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. పాఠశాల ప్రొజెక్టరును ఎక్స్ 220 యొక్క వి.జి.ఎ. రంధ్రమునకు తగిలింపవచ్చును. కాని ఆ తీగలో బొమ్మ మాత్రమే నడచును, ధ్వని నడువదు. ధ్వనికి వేరొక తీగ కావలెను. హెచ్.డి.ఎమ్.ఐ. తెర అయినచో డిస్‌ప్లేపోర్టునుండి మార్పిడి తీగ పెట్టుకొనవలెను. యు.ఎస్.బి. రెండవ తరపు రంధ్రము 500 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును మాత్రమే ఇచ్చుటకు నియమింపబడినది. అంతకు మించి కోరు పరికరము తగిలించినచో అది మాటిమాటికి ఆగును. పరికరము చెడినదని భ్రమపడక, సొంత కరెంటు గల హబ్బు ద్వారా తగిలించి చూడవలెను.

యంత్రము అంగీకరింపని మార్పులు కూడ ఉన్నవి. ఎక్స్ 220 యందు లోపలి వైఫై కార్డును తీసి ఇష్టము వచ్చినది పెట్టినచో, 1802 అను సంఖ్యతో దోషము చూపి యంత్రము మేలుకొనుటయే మానును. తయారీదారుల జాబితాలోని కార్డులనే అది ఒప్పుకొనును. యు.ఎస్.బి. వైఫై పరికరమునకు ఈ అడ్డు లేదు. ప్రాసెసరు మదర్‌బోర్డునకు శాశ్వతముగా అతుకబడియున్నందున దానిని మార్చ తలపెట్టరాదు.

బ్యాటరీ విషయమున జాగ్రత్త మరింత అవసరము. లిథియమ్ అయాన్ బ్యాటరీ వాడినను, వాడకున్నను వయసుతో బలహీనమగును. ఎక్స్ 220 యందు బ్యాటరీ వెలుపలి గడియలు జరిపినంతనే ఊడివచ్చును గనుక మార్చుట సులభము. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, పొడువరాదు, ఛార్జి చేయరాదు. దాని జోలికి పిల్లలు పోక పెద్దలకు చెప్పవలెను.

ఇంత శ్రమ ఎందుకను ప్రశ్నకు సమాధానము ఒక్క ఇంటి ఖర్చులోనే లేదు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడినవి. అందు సక్రమముగా సేకరింపబడి పునర్వినియోగమునకు పోయినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22.3 వంతులు మాత్రమే. మిగిలినదానిలో కొంత మంటలలోను, మురుగులోను కలిసి, సీసము మొదలగు విషములను నేలకును నీటికిని చేర్చును. భారతదేశమున 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన నియమములు ఈ వ్యర్థములను నమోదైన సంస్థలకే చేర్చవలెనని చెప్పుచున్నవి. నిజముగా పనికిరానిదానిని అట్లే అప్పగింపవలెను. పనికివచ్చుదానిని పనికిరానిదని ఎంచి పారవేయకుండుట అంతకంటె ముందరి ధర్మము.

ఆ యింట పని రెండు ఆదివారములలో ముగిసెను. మీట నొక్కిన అరనిమిషములో తెర వెలిగెను. పాఠములు రెండు, మూడు ఒక్కసారి తెరచినను యంత్రము నిలువలేదు. ఊడదీసిన పాత హార్డుడిస్కును తమ్ముడు పారవేయలేదు. దానికి తగిన చిన్న పెట్టెలో అమర్చి, యు.ఎస్.బి. తీగతో తగిలించెను. నిన్నటివరకు యంత్రమును మందగింపజేసిన డిస్కే నేడు రెండవ నకలును దాచు భాండారమయ్యెను. రాత్రి భోజనములైన పిదప తల్లి కోరగా, అతడు తాతగారి కథ నొకదానిని తెరచెను. క్రొత్తది కొందమన్న తండ్రి చేతిలోని వార్తాపత్రికను ప్రక్కన పెట్టి, కథ ముగియువరకు కదలక కూర్చుండి వినెను.