మళ్ళీ ఇటుకలపల్లి దారిన: వేసవి కోర్సుకు వెళ్ళే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

చదువు ముగించి, ఉద్యోగమో సేద్యమో వ్యాపారమో చేసుకుంటూ పదిహేను ఇరవై ఏళ్ళు గడిపినవారు, తాము చదివిన విశ్వవిద్యాలయానికే వేసవిలో కొద్ది వారాల కోర్సుకు తిరిగి వెళ్ళడం మంచి ఆలోచన. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు చాలామందికి ఆ విశ్వవిద్యాలయం అనంతపురం దగ్గర ఇటుకలపల్లిలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమే. ఊళ్ళో అందరూ ఎస్కే యూనివర్సిటీ అంటారు. అది 1968లో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రంగా మొదలైంది. 1976లో స్వయంప్రతిపత్తి పొంది, 1981లో విశ్వవిద్యాలయమైంది.

పెద్దల వేసవి చదువు తెలుగునాట కొత్తది కాదు. 1937లోనే ఒంగోలు దగ్గర సముద్రతీరాన కొత్తపట్నంలో రాజకీయ, ఆర్థిక విషయాల మీద వేసవి పాఠశాల పెట్టారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. విశ్వవిద్యాలయాలు ఈ పనికి పూనుకున్నది మాత్రం చాలా తర్వాత. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ దారి పట్టింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. బడి ముఖం చూడనివారు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అక్కడ కలిగింది. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ ఇంటి దగ్గర చదివేవారిని వేసవిలో ఒక వారం ఏదో ఒక క్యాంపస్‌కు రప్పించి, అక్కడే ఉంచి పాఠం చెప్పేది. ఇక్కడి దూరవిద్యలోని కాంటాక్ట్ తరగతులకూ ఇదే ఉద్దేశం. పుస్తకం ఇంటికే వస్తుంది. పక్కన కూర్చుని వాదించే మనిషి మాత్రం ఇంటికి రాడు, అందుకోసమే క్యాంపస్‌కు వెళ్ళాలి.

కోర్సు ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది అనుమతి. దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలకు ఏ విశ్వవిద్యాలయంలో ఏ కోర్సుకు అనుమతి ఉందో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలు ప్రకటిస్తుంది. ఒక ఏడు ఉన్న అనుమతి మరో ఏడు ఉండకపోవచ్చు. కాబట్టి చేరే ఏటి జాబితానే చూడాలి. హిందూపురం వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కర్ణాటక సరిహద్దు దగ్గరలోనే ఉండటంతో అవతలి విశ్వవిద్యాలయాల పేరుతో చేరమనేవారు ఎదురవుతారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్యను తన పరిధి దాటి నడపకూడదని యూజీసీ నియమం. ఆ సంగతి తెలియక కట్టిన ఫీజు, పోయిన రెండేళ్ళు తిరిగి రావు. డిగ్రీ అక్కర్లేకుండా నాలుగు వారాల సర్టిఫికెట్ కోర్సు చాలనుకునేవారికి ఈ చిక్కు లేదు. వారు నోటిఫికేషన్‌లో ఉన్న సిలబస్, తరగతుల వేళలు, పాఠం చెప్పే విభాగం చూసుకుంటే సరిపోతుంది.

కాగితాలు నెల ముందే వెతకాలి. పాత డిగ్రీ పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరుందో చాలామందికి గుర్తుండదు. 1970లలో హిందూపురంలోనో అనంతపురంలోనో డిగ్రీ చదివినవారి పట్టా శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానిది. అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల 2008లో విశ్వవిద్యాలయం కాకముందు హైదరాబాదు జేఎన్‌టీయూ కింద ఉండేది. పట్టా పోయినవారు నకలు కోసం ఎక్కడికి వెళ్ళాలో దీన్నిబట్టి తేలుతుంది. మరో సంగతి చిరునామా. 2022 ఏప్రిల్ 4 నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోవి. పాత కాగితాల్లో అనంతపురం జిల్లా అనే ఉంటుంది. అంతమాత్రాన కంగారు అక్కర్లేదు. దరఖాస్తులో ఇప్పటి జిల్లా రాసి, ఇంటిపేరు, తండ్రి పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉన్నాయో అలాగే రాయాలి.

అన్నిటికన్నా గట్టిగా ఆలోచించవలసింది కాలం గురించి. వేసవి అంటే సెలవులన్న లెక్క బడిపిల్లలకు, ఉపాధ్యాయులకు చెల్లుతుంది. మే నెల ఖాళీ ఎవరికి ఉంటుందన్నది వృత్తిని బట్టి ఉంటుంది. వేరుశెనగ వేసే రైతుకు దుక్కి వానలు పడేదాకా కొంత వెసులుబాటు ఉంటుంది. జూన్ వానలకు విత్తనం వేళ వచ్చిందంటే తరగతిలో కూర్చోబెట్టినా మనసు చేనులోనే ఉంటుంది. కాబట్టి మే చివరికి ముగిసే కోర్సే అతనికి మేలు. ధర్మవరం నేతకారుల ఇళ్ళలో పరిస్థితి వేరు. వైశాఖ జ్యేష్ఠాల ముహూర్తాలకు పట్టుచీరల గిరాకీ ఉన్నప్పుడు మగ్గం ఆపితే కూలి పోతుంది, ఒప్పుకున్న చీర అందించలేక షావుకారు దగ్గర మాట పోతుంది. వారికి పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో పడే కోర్సు నయం. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచేవారు పంట లెక్కన చూసుకోవాలి. గుడ్డు పగిలిన దగ్గర నుంచి గూడు కట్టేదాకా ఒక పంటకు ఇంచుమించు నాలుగు వారాలు. పురుగు తినే ఆకులో ఎక్కువ భాగం చివరి వారంలోనే తింటుంది, ఆ వారం ఇంట్లో ఎన్ని చేతులున్నా చాలవు. చాకీ పురుగులు తెచ్చుకునే తేదీని కోర్సు తేదీలను బట్టి ముందుకో వెనక్కో జరుపుకుంటే రెండూ దక్కుతాయి. తేదీలు జరపడం కుదరకపోతే ఆ ఏటికి కోర్సు మానుకోవడమే సబబు. సగంలో వదిలేసిన చదువు వల్ల తర్వాత ఇంకో చదువు మీద నమ్మకం తగ్గుతుంది.

చెల్లెళ్ళకు దీనికి తోడు మరో బరువు ఉంటుంది. మే నెలలోనే ఇంటికి చుట్టాల పిల్లలు వస్తారు, పెళ్ళిపిలుపులు వస్తాయి, పచ్చళ్ళు పెట్టాలి. కోర్సు మొదలయ్యాక ఒక్కొక్క పనీ సర్దుకుందామంటే ఇంట్లో ఎవరూ సర్దుకోరు. ఏ పని ఎవరు చేస్తారో ముందే పేర్లు పెట్టి చెప్పుకోవడం, భర్త, అత్తమామలు, పెద్దపిల్లలు అందరూ విన్న మాటగా ఉంచుకోవడం అవసరం. ఇది అడగడానికి మొహమాటపడవలసిన విషయం కాదు.

తరగతిలోకి వెళ్ళాక పెద్దలకు ఎదురయ్యే మొదటి ఇబ్బంది, పాఠం చెప్పే మనిషి తమకన్నా చిన్నవాడు కావడం. ఒకప్పటి జూనియరే ఇప్పుడు ప్రొఫెసర్ కావచ్చు. తరగతి గదిలో ఆయన సారే, ఆమె మేడమే. పాత చనువు క్యాంటీన్ దాకా ఆగాలి. రెండో ఇబ్బంది మరుపు. 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని చూపించాడు. వయసు ఎంతైనా ఇది అందరికీ ఉన్నదే. విన్న పాఠాన్ని ఆ రాత్రి పుస్తకం మూసి సొంత మాటల్లో రాసుకోవడం, రెండు రోజులకు మళ్ళీ చూడకుండా చెప్పుకోవడం, నాలుగుసార్లు చదవడం కంటే ఎక్కువ పనిచేస్తుంది. పెద్దలకు ఇందులో ఒక అనుకూలం కూడా ఉంది. పాఠంలో వచ్చిన సంగతిని పని అనుభవంతో జోడించి చూడగలరు. 1970లలో అమెరికాలో మాల్కం నోల్స్ పెద్దల విద్య గురించి పదేపదే చెప్పిన మాట ఇదే: పెద్దవారు తమ ముందున్న సమస్య కోసం నేర్చుకుంటారు.

అందుచేత ప్రాజెక్టు రాయమన్నప్పుడు దూరపు విషయం వెతుక్కోనక్కర్లేదు. చరిత్ర కోర్సులో చేరినవారికి పెనుకొండ ఉంది. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని అక్కడికే మారింది. గగనమహల్, జైన దేవాలయం, బాబయ్య దర్గా ఒక్క ఊళ్ళో ఎందుకు ఉన్నాయో వివరించడమే మంచి ప్రాజెక్టు. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ సీమలో అధికారం నెరపిన విరూపణ్ణ కట్టించిన గుడి అది. పైకప్పు మీది బొమ్మల్లో ఆనాటి చీరల అంచులు, తలపాగాలు చూసి ధర్మవరం నేత తెలిసినవారు రాయగలిగింది చరిత్ర ఆచార్యులకు కూడా కొత్తగా ఉంటుంది. కామర్స్ చదివేవారు హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌లో ధర ఎలా పలుకుతుందో రాయవచ్చు. ఎకనామిక్స్ వారు 2019లో పెనుకొండ దగ్గర కార్ల తయారీ మొదలుపెట్టిన కియా కర్మాగారం చుట్టుపక్కల పల్లెల్లో అద్దెలు, కూలిరేట్లు ఎలా మారాయో ఇంటింటికీ తిరిగి అడిగి రాయవచ్చు. బయటి పరిశోధకుడికి తలుపు తీయని ఇల్లు తెలిసినవారికి తీస్తుంది. ఈ పనికి విశ్వవిద్యాలయం ఇచ్చేది పద్ధతి: ఎలా అడగాలి, ఎలా లెక్కించాలి, దేన్ని నమ్మకూడదు. కోర్సులో నేర్చుకోవలసింది ప్రధానంగా ఇదే. మిగతాది పుస్తకాల్లో దొరుకుతుంది.

వసతి సంగతి చిన్నదే. ధర్మవరం వారు రోజూ వెళ్ళి రావచ్చు. హిందూపురం నుంచి అనంతపురం వంద కిలోమీటర్ల పైమాటే కాబట్టి హాస్టల్ గది అడగడం మంచిది, ఖాళీలున్నా దరఖాస్తు ముందే ఇవ్వాలి. మేలో అక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు మందులు పూర్తి కోర్సుకు సరిపడా తీసుకెళ్ళాలి, మధ్యాహ్నం రెండింటికి లైబ్రరీలో ఉండేలా పని పెట్టుకోవాలి.

కోర్సు చివరి రోజున చాలామంది గ్రూప్ ఫోటో తీయించుకుని బస్సెక్కేస్తారు. హాజరు పూర్తయినట్టు, ఫీజు బాకీ లేనట్టు, ప్రాజెక్టు అందినట్టు కార్యాలయంలో కాగితం తీసుకున్నాకే కదలాలి. క్రెడిట్లు ఇచ్చే కోర్సయితే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా తెరిచి అవి జమ అయ్యాయో లేదో ఇంటికి వచ్చాక చూసుకోవాలి. పూర్వవిద్యార్థులకు లైబ్రరీ సభ్యత్వం ఇస్తున్నారేమో అడిగి, ఇస్తుంటే ఆ రోజే దరఖాస్తు ఇచ్చి రావాలి. ప్రాజెక్టు ప్రతి ఒకటి సొంతానికి, ఒకటి ఊరి గ్రంథాలయానికి ఉంచాలి.