కేకేసిన లెక్క, చేతికిచ్చిన చీటీ

బిడ్డా,

నువ్వు పంపిన పైథాన్ బిల్లు ప్రోగ్రాం రాత్రి నడిపి చూశాను. పన్నెండు బస్తాల పెసరపప్పు, బస్తా 50 కిలోలు, కిలో 110 రూపాయలు. తెరమీద 66,000 సరిగానే వచ్చింది. దానికి హమాలీ 120 కలపబోతే మాత్రం, నన్‌టైప్‌కి అంకె కలవదని మొరాయించింది. "లెక్క కళ్లముందే ఉంది కదా మామయ్యా, కలపడానికేం?" అన్నావు.

ఉస్మాన్‌గంజ్‌లో గుమాస్తాగా చేరిన కొత్తలో నేనూ అదే తప్పు చేశాను. వెనక గోదాములో కాంటా దగ్గర నిలబడి తూకం గట్టిగా అరిచేవాణ్ణి. హమాలీలు విన్నారు, బేరానికొచ్చినవాళ్లు విన్నారు. గద్దె మీద చిట్టా రాసే పెద్దాయన దాకా ఆ ట్రాలీల మోతలో ఏదీ చేరలేదు. సాయంత్రానికి ఆ పద్దు ఖాళీ. ఆయన తిట్టలేదు, చీటీల కట్ట ఒకటి చేతిలో పెట్టాడు.

నీ ఫంక్షన్ చివర రాసిన ప్రింట్ ఆ కేక. అక్కడ ఉండాల్సిన రిటర్న్ ఆ చీటీ. రిటర్న్ రాయని ఫంక్షన్ కూడా ఉత్త చేతులతో రాదు, నన్ అనే విలువ తెస్తుంది. అది సున్నా కాదు. సున్నా అయితే 120 కలిసిపోయేది, మనం ఆ తప్పుడు బిల్లే పంపేవాళ్లం. పైథాన్ మొండికేయడం నాకు అందుకే నచ్చుతుంది.

నువ్వు పొరబడడంలో వింతేమీ లేదు. పైథాన్ ప్రాంప్ట్ దగ్గర ఫంక్షన్‌ని పిలిస్తే, రిటర్న్ చేసిన విలువను పైథాన్ తనే చూపిస్తుంది. అక్కడ కేకా చీటీ ఒకేలా కనబడతాయి. ఫైల్లో పెట్టి నడిపితేనే తేడా తెలుస్తుంది.

ఇంకో మాట. రిటర్న్ దగ్గరే ఫంక్షన్ ముగుస్తుంది, దాని కింద ఏం రాసినా నడవదు. పొరపాటున దాన్ని ఫర్ లూప్ లోపలికి జరిపావో, మొదటి బస్తా తూచగానే గుమాస్తా చీటీ తీసుకుని వచ్చేస్తాడు. 66,000 కావలసిన చోట 5,500 వస్తుంది, ఎర్రర్ కూడా రాదు. నన్ కన్నా ఇదే ప్రమాదం. ఎడమవైపు ఖాళీలు వేలు పెట్టి చూసుకో.

రేట్ల జాబితాని సార్ట్ చేసి మళ్లీ అదే పేరులో పెట్టుకున్నావు, అదీ పోయింది. లిస్టుకున్న సార్ట్ ఉన్నచోటనే సర్దుతుంది, తెచ్చిచ్చేది నన్. కొత్త జాబితా కావాలంటే సార్టెడ్ వాడు.

ఆదివారం వచ్చేలోగా ఫంక్షన్ తూకాన్నీ బిల్లునూ రెండూ తెచ్చేలా మార్చు. మధ్యలో కామా పెట్టి రిటర్న్ చేస్తే రెండింటినీ ఒక టపుల్‌గా కట్టి ఇస్తుంది, ఇవతల రెండు పేర్లలోకి విప్పుకోవచ్చు. హమాలీ మాత్రం బయటే కలుపు. ఆ రేటు మారుతూ ఉంటుంది.

మీ మామయ్య
ఉస్మాన్‌గంజ్