గోదావరి మట్టంతో కోడింగ్ పాఠం: ఎలా మొదలుపెట్టాలి?

ఆరో తరగతి స్థాయి నుంచే కోడింగ్ నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ మాట భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం, చర్ల దాకా వచ్చేసరికి ల్యాబులో ఎన్ని మెషీన్లు పనిచేస్తున్నాయి, కరెంటు ఎప్పుడుంటుంది అనే లెక్కల్లో పడుతుంది. చివరికి ఆ పని లెక్కల సారుకో సైన్సు టీచరుకో అప్పగిస్తారు. అలా మీ నెత్తిన పడి ఉంటే ఇది మీకోసమే.

మొదటి వారం ల్యాబు తాళం తీయకండి. వరండాలో చాక్‌పీసుతో అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గడులు గీయండి. ఒకరిని మెషీన్‌గా నిలబెట్టండి. ‘ఒక గడి ముందుకు’, ‘కుడికి తిరుగు’, ‘ఎడమకు తిరుగు’ అనే మూడు ఆదేశాలే వాడాలి. మిగతా పిల్లలు దారంతా ముందే కాగితం మీద రాసివ్వాలి, నడుస్తుండగా అరిచి సరిదిద్దకూడదు. గడులు దాటిపోతున్నా సరే, మెషీన్ సొంత తెలివి వాడకూడదు. ఎక్కడ తప్పిందో ఆ వరుస వాళ్లే వెతికి కొట్టేసి మళ్లీ రాయాలి. ఆశ్రమ పాఠశాలల్లో కోయ పిల్లలు ఆదేశాలను కోయలోనే చెప్పుకుంటే ఆపకండి.

తర్వాత స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే ప్రోగ్రామ్ తయారవుతుంది. నెట్ బాగా వచ్చేచోట, ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో, ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే చాలు, ఆపై నెట్ అక్కర్లేదు. ఇప్పటి వెర్షన్‌కు విండోస్ 10 కావాలి. అంతకంటే పాత మెషీన్లుంటే స్క్రాచ్ 1.4 వేసుకోండి. ఒక్కో మెషీన్‌కు ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరు చెబుతుంటే ఇంకొకరు చేసేలా చూడండి. పది నిమిషాలకోసారి తావులు మార్చండి, లేకపోతే చురుకైన పిల్లవాడు మౌస్ వదలడు.

స్క్రాచ్‌లో కనిపించే పిల్లి బొమ్మను అటూ ఇటూ నడిపించే పాఠాన్ని ఒక పీరియడ్‌లో ముగించండి. అసలు పాఠానికి మన నది ఉంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు ఇక్కడి పిల్లలకు పుస్తకం చూడకుండానే వచ్చు. నీటిమట్టం అడిగి, ఏ హెచ్చరికో చెప్పే ప్రోగ్రామ్ రాయమనండి.

చాలామంది 43తో మొదలుపెడతారు: 43 దాటితే మొదటి హెచ్చరిక, లేకపోతే 48 దాటిందా చూడు, ఇలా. 2022 జూలైలో వచ్చిన 71.3 అడుగులు టైపు చేయించండి. మొదటి హెచ్చరికే అంటుంది! మొదటి షరతు నిజం కాగానే మిగతావాటిని మెషీన్ చూడనే చూడదు. 53ని పైకి తెచ్చి, దాని ‘లేకపోతే’లో 48, మళ్లీ ఆ 48 ‘లేకపోతే’లో 43 పెట్టాలి. ఇది మీరు చెప్పకండి, పీరియడ్ మొత్తం పోయినా వాళ్లనే తేల్చనివ్వండి.

రెండో చిక్కు సన్నది. స్క్రాచ్‌లో చిన్నది, పెద్దది, సమానం గుర్తులున్నాయి కానీ ‘పెద్దది లేదా సమానం’ లేదు. ‘43 కంటే పెద్దది’ అని రాస్తే సరిగ్గా 43 దగ్గర హెచ్చరిక రాదు. పోనీ ‘42 కంటే పెద్దది’ అంటే 42.5కే మోగుతుంది. ‘43 కంటే చిన్నది’ అన్న దిమ్మెను ‘కాదు’ అన్న దిమ్మెలో పెడితే సరిపోతుంది.

ఇక పరీక్షించడం. 42.9, 43, 48, 53, తర్వాత 1986 ఆగస్టు నాటి 75.6 వేయించండి. అన్నీ సరిగా వచ్చాక, ‘9 అడుగులు’ అని మాటతో సహా టైపు చేయమనండి. మూడో ప్రమాద హెచ్చరిక వస్తుంది. అంకె కానిది కనిపిస్తే స్క్రాచ్ దాన్ని అక్షరాలుగా పోలుస్తుంది, 53లోని 5 కంటే 9 పెద్దది కదా. ఏమీ టైపు చేయకుండా ఎంటర్ కొడితే ప్రమాదం లేదంటుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ భయం కలిగిస్తుంది. జవాబు ఖాళీగా ఉందా అని ముందే చూసే షరతును పిల్లలతోనే పెట్టించండి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పేది ఎప్పుడని తల్లిదండ్రులు అడుగుతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల దాకా ఆగొచ్చు. అప్పుడు కొత్త లెక్క వెతక్కుండా ఈ వరద ప్రోగ్రామ్‌నే మళ్లీ రాయించండి. అక్కడ ‘పెద్దది లేదా సమానం’ గుర్తు సిద్ధంగా ఉంది. కాకపోతే టైపు చేసిన మట్టాన్ని అంకెగా మార్చకుండా 53తో పోలిస్తే పైథాన్ ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతుంది. అదే తప్పుకు స్క్రాచ్ ఏం చేసిందో పిల్లలకు గుర్తుంటే, ఏది నయమో వాళ్లనే వాదించుకోనివ్వండి.