గళ్ళలో దాగిన మాటలు

గళ్ళనుడికట్టు చూచుటకు పిల్లల యాటవలె నుండును. నల్లని గళ్ళు, తెల్లని గళ్ళు, అడ్డముగా కొన్ని మాటలు, నిలువుగా కొన్ని మాటలు, ప్రక్కన వానికి ఆధారములు. ఆధారము తిన్నగా మాటాడదు. ఒకదానిని చూపి వేరొకదానిని దాచును.

1944వ సంవత్సరము జూన్ 1వ తేదీన లండను నగరపు డైలీ టెలిగ్రాఫ్ పత్రికలో నిట్టి యాధార మొకటి వెలువడెను. బ్రిటానియా చేతను, ఇతని చేతను ఉండునది ఒక్కటే యని దాని భావము. బ్రిటానియా యను స్త్రీమూర్తి బ్రిటను దేశమునకు చిహ్నము. ఆ దేశపు పెన్నీ నాణెముపై ఆమె త్రిశూలము పట్టుకొని కూర్చుండెడిది. త్రిశూలము ధరించిన వేరొకడు రోమనుల సముద్రదేవుడు. కావున సమాధానము నెప్ట్యూన్. చిహ్నము నెరిగినవానికి ఇది సులభమే.

కాని ఆ మాట చూచి యుద్ధశాఖవారు ఉలికిపడిరి. ఆ సమయమున మిత్రరాజ్యములు, జర్మనుల వశమందున్న ఫ్రాన్సు తీరముపై దండెత్తుటకు రహస్యముగా సన్నాహము చేయుచుండెను. ఆ దండయాత్రకు ఓవర్‌లార్డ్ అనియు, అందు నౌకాదళపు పనికి నెప్ట్యూన్ అనియు పేర్లు పెట్టిరి. అమెరికా సేనలు దిగవలసిన ఇసుకతీరములు రెండు: యూటా, ఒమాహా. ఓడలు నిలుచుటకై కాంక్రీటుతో కట్టి, సముద్రముమీద లాగుకొని పోదలచిన రేవులకు మల్బరీ యని పేరు. పట్టుపురుగులు తిను ఆకునకును, కాంక్రీటు దిమ్మెలకును పోలిక యేమి? ఏమియు లేదు. అట్లు లేకుండుటయే సంకేతనామమునకు ప్రాణము. పేరు విన్న శత్రువునకు వస్తువు తెలియరాదు.

ఈ యైదు పేర్లును ఒక్క నెలలో ఒకే పత్రిక గళ్ళలోనికి వచ్చెను. మే 2న యూటా, 22న ఒమాహా, 27న ఓవర్‌లార్డ్, 30న మల్బరీ, జూన్ 1న నెప్ట్యూన్. అంతకు రెండేండ్లకు ముందును ఇట్లే జరిగెను. 1942 ఆగస్టు 17న ఆ పత్రిక గళ్ళలో దియెప్ అను ఫ్రెంచి రేవుపేరు కనబడెను. 19న ఆ రేవుపై దాడి జరిగెను. అప్పుడు విచారించినవారు అది కాకతాళీయమని తేల్చిరి.

గళ్ళు కూర్చినవాడు లియొనార్డ్ డావ్. ఆయన స్ట్రాండ్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. యుద్ధకాలమున ఆ పాఠశాలను సర్రే మండలములోని ఎఫింగ్‌హామ్ గ్రామమునకు తరలించిరి. అధికారులు వచ్చి, ఈ మాటలే యేల వాడితి వని ఆయనను గ్రుచ్చి గ్రుచ్చి యడిగిరి. శత్రువునకు తోడ్పడిన గూఢచారికి ఆ దినములలో ఉరిశిక్ష విధించుచుండిరి. యూటాయు ఒమాహాయు ఏ పటమునందైనను కానవచ్చును. తక్కిన మూడును నిఘంటువులలో నున్నవే. వానిని వాడరాదని ఆయన కెవ్వరు చెప్పిరి? చెప్పుటయే రహస్యమును వెల్లడించుట కదా! ఆయన యందు దోషము కానరాలేదు. జూన్ 6న సేనలు నార్మండీ తీరమున దిగెను.

డావ్ 1963లో మరణించెను. 1984లో ఆయన పూర్వశిష్యు డొకడు క్రొత్త సంగతి బయటపెట్టెను. ప్రధానోపాధ్యాయుడు బాలురకు ఖాళీ గళ్ళిచ్చి మాటలతో నింపించెడివాడట. పిదప వానికి ఆధారములు తాను వ్రాసెడివాడట. పాఠశాలకు చేరువనే సైనికుల విడిది యుండెను. బాలురు ఆటల నెపమున అటు పోయి, సైనికుల నోట విన్న పేర్లను అర్థ మెరుగకయే గళ్ళలో నింపిరట. కొందరీ మాట నమ్మిరి, కొందరు నమ్మలేదు. ఐదు మాటలు ఒకే నెలలో వచ్చుటకు కాకతాళీయముకంటె ఇదియే తగిన కారణముగా తోచును.

అధికారులు వెడలిన పిదప డావ్ ఆ బాలుని పిలిపించి, అతడు విన్నవన్నియు వ్రాసికొన్న పుస్తకములను చూచెనట. వానిని వెంటనే కాల్చివేయించి, ఈ సంగతి యెవ్వరికిని చెప్పనని అతనిచేత ప్రమాణము చేయించెనట.