గుడి గంట ఎవరి కోసం?

ఆదివారం పొద్దున. పల్లెలో గంట మోగింది. మొదటి గంట మోగితే లేవమని. రెండో గంట మోగితే తయారు కమ్మని. మూడో గంట మోగితే ప్రార్థన మొదలైనట్టే. ఇంటింటికీ గడియారం లేని రోజుల్లో ఊరందరికీ అదే గడియారం. చర్చికి పోనివాళ్ళు కూడా “రెండో గంటయింది, పొయ్యి వెలిగించు” అనుకునేవాళ్ళు.

మన పల్లెల్లో చర్చి అంటే పెద్ద మేడ కాదు. సున్నం కొట్టిన నాలుగు గోడలు. పైన పెంకులో, రేకులో. కప్పు మీద సిలువ. చాలాచోట్ల లోపల బల్లలు ఉండవు, చాపలు ఉంటాయి. చెప్పులు బయట విడిచి లోపలికి పోతారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. కొన్ని ఊళ్ళలో చర్చి అనరు. గుడి అంటారు, మందిరం అంటారు.

కొన్ని ఊళ్ళు కలిపి ఒక పాస్టరు అయ్యగారి కింద ఉంటాయి. దాన్ని పాస్టరేటు అంటారు. రోమన్ కాథలిక్కులైతే ‘విచారణ’ అంటారు. మంచి మాట అది. మంచిచెడ్డలు విచారించడం అనే కదా అర్థం! అయ్యగారు ప్రతి ఆదివారం అన్ని ఊళ్ళకూ రాలేరు. ఆయన రాని వారం ఉపదేశి గాని, సంఘపెద్ద గాని ప్రార్థన నడుపుతారు.

పల్లె చర్చిల గురించి చెప్పుకుంటూ మెదక్‌ను మరిచిపోతే ఎలా? మెదక్ చర్చి పల్లె గుడి కాదు. చుట్టుపక్కల పల్లె గుళ్ళన్నిటికీ అది పెద్ద గుడి. ఛార్లెస్ పోస్నెట్ అనే తెల్లదొర దాన్ని కట్టించాడు. 1914లో పని మొదలైంది. అవి కరువు రోజులు. వానలు లేవు. పనులు లేవు. గింజలు లేవు. చర్చి కట్టే పనికి వచ్చినవాళ్ళకు తిండి దొరికింది. రాళ్ళు మోసినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, మగవాళ్ళూ ఉన్నారు. నీ కులమేమిటి, నీ దేవుడెవరు అని అడిగి పని ఇవ్వలేదని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున తలుపులు తెరిచారు. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు. గోపురం ఎత్తు 175 అడుగులు. ఐదు వేల మంది కూర్చోవచ్చు. క్రిస్మస్‌కు అక్కడ జాతర మాదిరి జనం. బొట్టు పెట్టుకున్న తల్లులు కూడా పిల్లలను చంకనెత్తుకుని వస్తారు. తమ చేతులతో కట్టిన గుడి పరాయిది ఎలా అవుతుంది?

మరో గుడి డోర్నకల్‌లో ఉంది. ఇప్పుడు అది మహబూబాబాద్ జిల్లా. తమిళ దేశంలో పుట్టిన అజరయ్య గారు 1909లో అక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. పల్లెపల్లె తిరిగారు. 1912లో బిషప్ అయ్యారు. బిషప్ అంటే ఎన్నో పాస్టరేట్ల మీద పెద్ద. మన దేశపు ఆంగ్లికన్ సంఘంలో అంతకుముందు బిషప్పులందరూ తెల్లవాళ్ళే. మనవాళ్ళలో ఆయనే మొదటివారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు కూడా పల్లె ఆడవాళ్ళ మధ్య పనిచేశారు. అజరయ్య గారు కట్టించిన పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. దాన్ని ఇంగ్లాండు చర్చిల మాదిరి కట్టలేదు. మసీదు మాదిరి గుమ్మటాలు ఉన్నాయి. కోవెల మండపం మాదిరి స్తంభాలు ఉన్నాయి. పల్లెటూరి మనిషి చూసి బెదరకూడదు. ఇది మనదేలే అనుకోవాలి.

గోడల సంగతి అయింది. మరి మనుషుల సంగతి?

పల్లె చర్చిలు చాలావరకు మాలపల్లెలో, మాదిగపల్లెలో ఉంటాయి. ఎందుకని? ఆ రోజుల్లో కోవెల గడప వాళ్ళు తొక్కకూడదు. ఊరి బావిలో చేద వేయకూడదు. బడిలో పిల్లలను కూర్చోనివ్వరు. చర్చి రమ్మంది. చర్చి పక్కనే బడి పెట్టింది. పలక పట్టని ఇళ్ళలో పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆడపిల్లలు కూడా దిద్దారు.

అలాగని కులం గడప బయట చెప్పులతో పాటు ఆగిపోలేదు. మాలలకు ఒక గుడి, మాదిగలకు ఒక గుడి ఉన్న ఊళ్ళు ఉన్నాయి. ఒకే దేవుడికి మొక్కి, వేరువేరు చాపల మీద కూర్చోవడం ఏం న్యాయం? ఇది దాచితే దాగే సంగతి కాదు.

ఇంకో చిక్కు ఉంది. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, దళితులు క్రైస్తవులైతే ఎస్సీల లెక్కలోకి రారు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు. అందుకని కొందరు ప్రార్థనకు వస్తారు గాని, చర్చి పుస్తకంలో పేరు రాయించుకోరు. పిల్లల చదువు, ఉద్యోగం ఏమవుతాయో అని వాళ్ళ భయం. మంచి సంఘపెద్దలు అలాంటి అమ్మను గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలు వేయరు. జరిగి చాప మీద చోటిస్తారు.

చోటివ్వడం పండుగల్లో బాగా కనిపిస్తుంది. పంట ఇంటికొచ్చాక కోతల పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయ, కోడిపెట్ట, కొబ్బరికాయలు. ప్రార్థన అయ్యాక వేలం పాడతారు. అప్పుడు ఊళ్ళో వాళ్ళందరూ వస్తారు. పది రూపాయల సొరకాయ పోటీ మీద వంద రూపాయలకు పోతుంది! ఏమీ పండని కూలి తల్లి ఏం తెస్తుంది? ఆమెకూ ఒక దారి ఉంది. అన్నం వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం విడిగా కుండలో వేస్తుంది. ఆ కుండ నిండాక గుడికి తెస్తుంది. పిడికెడు బియ్యంతో నడిచిన గుళ్ళు మనకు ఎన్నో ఉన్నాయి.

ఇక పెళ్ళి సంగతి. దీన్ని ఆడవాళ్ళు జాగ్రత్తగా చదవాలి. క్రైస్తవుల పెళ్ళికి 1872 నాటి చట్టం ఉంది. పిల్లకు 18 ఏళ్ళు, పిల్లవాడికి 21 ఏళ్ళు నిండాలి. తాళి కట్టగానే, ఉంగరం మార్చగానే పని అయిపోదు. పెళ్ళి వివరం చర్చి రిజిస్టరులో రాయాలి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు సంతకం చేయాలి. ఇద్దరు సాక్షులు, పెళ్ళి చేసిన అయ్యగారు కూడా సంతకం చేయాలి. తర్వాత దాని నకలు అడిగి తీసుకోవచ్చు. రేపు ఆస్తి తగాదా వచ్చినా, “నువ్వెవరు?” అని అత్తింటివాళ్ళు అడిగినా ఆ కాగితం సాక్ష్యం పలుకుతుంది. ఒకప్పుడు ఆ రిజిస్టర్లలో ఆడవాళ్ళవి ఎన్నో వేలిముద్రలే. ఇప్పుడు పెళ్ళికూతురు వంగి తన పేరు తానే రాస్తోంది. ఏం రాసి ఉందో ముందు చదివి, తర్వాత రాస్తే ఇంకా మంచిది.

చాపల మీద ఆడవాళ్ళే ఎక్కువ. గుడి ఊడ్చేది వాళ్ళే, పాట ఎత్తుకునేది వాళ్ళే. కాని చాలాకాలం బలిపీఠం దగ్గర నిలబడింది మగవాళ్ళే. తర్వాత దక్షిణ ఇండియా సంఘం స్త్రీలను కూడా పాస్టర్లుగా నియమించింది. 2013లో నంద్యాలకు బిషప్‌గా ఒక తెలుగు ఆడపడుచు వచ్చారు. ఆమె పేరు ఎగ్గోని పుష్పలలిత. ఆ సంఘంలో ఆమే మొదటి మహిళా బిషప్.

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో చర్చి ఎక్కడ ఉంది? ఊరి మధ్యనా, చివరనా? ఎందుకు అక్కడ కట్టారు? పెద్దవాళ్ళను అడగండి.

మీ ఊరి కోవెలలో, మసీదులో, చర్చిలో ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?

రాయండి

మీ పెళ్ళి ఏ రోజున, ఏ ఊళ్ళో జరిగింది? సాక్షులు ఎవరు? మూడు వాక్యాలు రాయండి. కింద సంతకం చేయండి.